ధరయు విలువయు

మన సంఘపు వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏమి వ్రాయగలమని మొదట సంకోచించితిమి. మేము పండితులము గాము. మెట్రిక్కు వఱకు చదివి, ఈ షోలాపురములోనే ఒక కార్యాలయమున ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాపని చేసి, 2017లో విశ్రాంతి పొందినవారము. మా జీవితమంతయు జమాఖర్చుల పుస్తకముల నడుమ గడచినది. కావున మాకు తెలిసిన విద్య లెక్క యొక్కటే. అయితే ఆ లెక్కకు లొంగని చిన్న ప్రశ్న యొకటి కొంతకాలము క్రిందట మా యింటిలోనే పుట్టి మమ్ము వేధించినది. దానినే చదువరుల యెదుట పెట్టుచున్నాము.

ప్రశ్న యిది. ఒక వస్తువు "దాని ధరకు తగినది కాదు" అని మనము తీర్పు చెప్పునపుడు, నిజముగా తీర్పు చెప్పుచున్న దెవరు? మన బుద్ధియా, మన డబ్బుసంచియా?

ఇంత ప్రశ్నకు కారణమైన వస్తువు అరచేతిలో పట్టునంతటిది. అది లెన్సు మార్చుటకు వీలున్న కెమెరా. అందులోను, కొత్తగా నేర్చుకొనువారి కొఱకు అమ్ముచున్న, ఆ జాతిలో కెల్ల చవకయైన కెమెరా. 2023లో మా మనుమరాలు కాలేజీలో చదువుకొనుచు అట్టి దొకటి కావలెనని అడిగినది. లెన్సుతో కలిపి వెల 45,500 రూపాయలు. అందులో ప్రభుత్వపు పన్నే ఇంచుమించు 6,940 రూపాయలు. ఈ పన్ను 2017లో నూటికి 28 వంతున మొదలై, 2019 జనవరి 1వ తేదీ నుండి నూటికి 18కి తగ్గినది. ఈ అంకెలన్నియు కాగితముపై వేసి చూచి, మాకు అలవాటైన మాట అంటిమి: "ఫోనులో కెమెరా ఉన్నది గదా తల్లీ! దీనికి ఇంత డబ్బా? అది అంత విలువ చేయదు."

ఆ పిల్ల కొంచెము సేపు ఊరకుండి, "తాతా, అది విలువ చెయ్యదంటున్నవా, మనతోని కాదంటున్నవా?" అని అడిగినది.

మేము జవాబు చెప్పలేకపోయితిమి. ఆ రెండు మాటలు వేరువేరని మాకు అరువదియేండ్లు దాటిన పిదప తెలిసినది. అందుచేత ఆ వస్తువును గూర్చి తెలిసికొనవలెనని పూనుకొంటిమి.

లెన్సు మార్చు కెమెరా తొలుత సామాన్యుని వస్తువు కాదు. జర్మనీ దేశమున ఆస్కర్ బర్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో లోకమునకు పరిచయమయ్యెను. సినిమా ఫిలిమునే వాడుకొను ఆ చిన్న యంత్రమునకు 1930లో లెన్సు మార్చు సదుపాయము కలిగెను. మా చిన్నతనమున మన దేశములో నలుగురికి తెలిసిన కెమెరా బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. దాని లెన్సు ఒకటే, ఊడదీయుటకు వీలులేదు. ఒక్క ఫిలిము చుట్టకు పండ్రెండు బొమ్మలు. పెండ్లిలో దానిని మెడకు తగిలించుకొని తిరుగువానికి పెండ్లికొడుకు కంటె ఎక్కువ మర్యాద జరిగెడిది. విదేశములలో నేర్చుకొను విద్యార్థులకు పెంటాక్స్ కె వెయ్యి అను కెమెరా 1976 నుండి 1997 వఱకు తయారైనది. వెలుతురు కొలిచి చూపు ఒక సూది, త్రిప్పుటకు రెండు మూడు చక్రములు, అంతకుమించి దానిలో ఏమియు లేదు. నేర్చుకొనువానికి కావలసినది మాత్రము లోపము లేక ఉండెను.

పిమ్మట ఫిలిము పోయి డిజిటల్ కాలము వచ్చినది. 1991లో కోడాక్ సంస్థ ఒక నికాన్ కెమెరాకు తగిలించి అమ్మిన యంత్రము 13 లక్షల చుక్కల బొమ్మ తీసెడిది; దాని వెల ఇరువదివేల డాలర్లకు తక్కువ గాదు. 2003లో కానన్ సంస్థ 63 లక్షల చుక్కల కెమెరాను లెన్సుతో కూడ 999 డాలర్లకు అమ్మెను. లెన్సు మార్చు డిజిటల్ కెమెరాలలో వెయ్యి డాలర్ల గీత దాటి క్రిందికి దిగిన మొదటిది అదియే. సరిగా ఇరువదియేండ్లకు, 2023లో, ఆ సంస్థయే 241 లక్షల చుక్కల ఆర్ నూరు అను కెమెరాను అమెరికాలో లెన్సుతో కూడ 599 డాలర్లకు విడుదల చేసెను. రూపాయివలెనే డాలరు కూడ విలువ కోల్పోవుచుండును గదా. 2003 నాటి 999 డాలర్లు 2023 నాటి 1,600 డాలర్లకు పైమాట. అనగా వస్తువు మెరుగుపడుచు, వెల మూడవవంతు దరిదాపులకు దిగినది. లెక్కలు వ్రాసిన చేతికి ఇది ఆశ్చర్యము గొలుపు సంగతి. బియ్యము, బంగారము, ఇంటి అద్దె, వీనిలో ఏదియు మా జీవితకాలమున ఇట్లు దిగివచ్చుట మేమెరుగము.

అయితే చవకయైన వస్తువు ఎల్లకాలము చవకగా దొరకునని నమ్మరాదు. జపాను దేశపు కెమెరా తయారీదారుల సంఘము లెక్కల ప్రకారము 2010లో అన్ని రకముల డిజిటల్ కెమెరాలు కలిసి 12 కోట్లకు పైగా బజారుకు వెళ్ళినవి. 2023లో అవి 77 లక్షలు మాత్రమే. మిగిలిన పనినంతయు ఫోను తీసికొనిపోయినది. లెన్సు మార్చు కెమెరాలును 2012లో రెండుకోట్ల వఱకు ఎక్కి, 2023 నాటికి అరువది లక్షల ప్రాంతమునకు దిగినవి. చవక కెమెరాపై తయారీదారునికి మిగులునది స్వల్పము. లక్షలాదిగా అమ్మినప్పుడే అది గిట్టుబాటు. కొనువారు తగ్గగానే వారు ఖరీదైన కెమెరాల వైపు మొగ్గిరి. 2018లో వచ్చిన నికాన్ డి 3500 అను చవక కెమెరా తయారీ 2022 నాటికే ఆగిపోయెను. ఆ జాతిలో దానికి వారసుడు రాలేదు. నిచ్చెనకు పైమెట్లు చేర్చుచు క్రిందిమెట్లు ఊడదీసిన ట్లున్నది. క్రిందిమెట్టు లేని నిచ్చెన ఎక్కుటకు ముందే ఎత్తుగా నున్నవానికి మాత్రమే పనికివచ్చును.

ఇక ధర తగ్గించుట యెట్లు? ఇచ్చట మొదటి నీతిప్రశ్న వచ్చుచున్నది. కెమెరాకు ప్రాణము సెన్సారు అను కాంతిగ్రాహక ఫలకము. చవక కెమెరాలోని ఫలకము దానికి రెండింతలు ధర పలుకు కెమెరాలోని దానితో పెక్కుసార్లు ఇంచుమించు సమానమే. తగ్గించునది ఇతర భాగములలో. గాజు పట్టకమునకు బదులు అద్దములు పెట్టుదురు. లెన్సు తగిలించు వలయమును లోహముతో గాక ప్లాస్టిక్కుతో చేయుదురు. 2018లో వచ్చిన కానన్ 3000 డి అట్టిది. త్రిప్పు చక్రములు రెండింటికి ఒకటే ఉంచుదురు. ఇది న్యాయమైన తగ్గింపు. మన నేతవాండ్రకు ఇది సులభముగా తెలియును. పోగులు తక్కువ పెట్టి పలుచని చద్దరు నేసి, పలుచనిదని చెప్పి తక్కువకు అమ్మినచో దానిలో మోసమేమి యున్నది?

రెండవ రకపు తగ్గింపు వేరు. దానిలో తయారీదారునికి మిగులు ఖర్చు అంతగా ఉండదు. చవకదానిలో కూడ ఆ సదుపాయ మున్నచో ఖరీదైనది ఎవ్వరును కొనరను భయముతో దానిని తీసివేయుదురు. ఇది నిండుచద్దరు నేసి, అమ్మకమునకు ముందు ఒక అంచు కత్తిరించుట వంటిది. 1849లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జూల్ డ్యుపుయీ రైళ్ళ విషయమున ఈ సంగతినే గుర్తించెను. ఆనాటి మూడవ తరగతి పెట్టెలకు కప్పు లేకుండుటకు కారణము కప్పు ఖర్చు కాదట. కప్పు వేసినచో రెండవ తరగతి ఛార్జీ ఇచ్చుకొనగలవాడు కూడ మూడవ తరగతిలోనే ఎక్కును గనుక వేయలేదట. బెదిరింపు కలవానికి, తడిసినది లేనివాడు.

ఇది అన్యాయమని వెంటనే తీర్పు చెప్పుటకు మా కలము తొందరపడినది. కాని కొంత ఆలోచించిన మీదట రెండవ పక్షము కూడ కనబడినది. పరిశోధన ఖర్చును ఎక్కువ ఇచ్చి కొనువారు మోయుట చేతనే అదే ఫలకము తక్కువ ధరకు కూడ వచ్చుచున్నది. అందరికిని ఒకే కెమెరా, ఒకే ధర అని నియమము పెట్టినచో, ఆ ధర మధ్యన ఎక్కడనో నిలిచి, మా మనుమరాలి వంటివారు బయటనే ఉండిపోవుదురు. కప్పులేని పెట్టె దుఃఖము గలదే. కాని పెట్టెయే లేకున్న ఆ ప్రయాణమే లేదు. కావున తగ్గించి అమ్ముట దోషము గాదు. తగ్గించిన సంగతి దాచుట దోషము. 2006లో వచ్చిన నికాన్ డి 40 అను చవక కెమెరాలో లెన్సును త్రిప్పి దృష్టి కుదుర్చు మోటారు లేదు. మోటారు తనలోనే గల లెన్సులే దానికి తమంతట తాము కుదిరెడివి. పాతలెన్సులను చేతితో త్రిప్పుకొనవలసినదే. తెలిసి కొన్నవానికి అది బేరము. తెలియక కొన్నవానికి అది దెబ్బ. వస్తువు ఒకటే, ధర ఒకటే. న్యాయాన్యాయములు మాత్రము చెప్పిన మాటలో నున్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రము స్వదేశపు సరకుపై నూటికి అయిదు, పరదేశపు సరకుపై నూటికి పది లాభమునకు అనుమతించి, నాసిసరకును మేలుసరకని అమ్మినవానికి జరిమానా విధించినది. చవక సరకు అమ్మరాదని మాత్రము ఎచ్చటను అనలేదు.

మాకు కూడ ఈ అనుభవము కలిగినది. మేము వెళ్ళిన దుకాణములో, ఇంకొక పదివేలు వేసినచో దూరపు దృశ్యములు తీయు రెండవ లెన్సు కూడ ఇచ్చెదమని మిక్కిలి ఆదరముతో చెప్పిరి. పదివేలకు లెన్సా యని మేము జేబు తడుముకొనుచుండగా, మనుమరాలు చెవిలో, "తాతా, దాంట్ల చెయ్యి వణుకు ఆపేది లేదు, వద్దు" అన్నది. దుకాణదారు దానిని గూర్చి ఒక్క మాట చెప్పలేదు. అబద్ధమును ఆడలేదు. చెప్పవలసిన దానిని చెప్పకుండుట అబద్ధము క్రిందికి వచ్చునా రాదా యని చదువరులే నిర్ణయింతురు గాక.

ఇచ్చట కొనువాని బాధ్యత కూడ కొంత గలదు. లెన్సు మార్చు కెమెరా కొనుట ఒక వస్తువును కొనుట గాదు; ఒక సంబంధము కలుపుకొనుట. ఒక సంస్థ కెమెరాకు ఆ సంస్థ పద్ధతి లెన్సులే సరిగా కూడును. నికాన్ సంస్థ 1959లో పెట్టిన లెన్సు పద్ధతి అరువదియేండ్లు దాటినను తన పాత బంధువులను పూర్తిగా విడువలేదు. కానన్ సంస్థ 1987లో పాత పద్ధతి విడిచి కొత్త పద్ధతి పెట్టినపుడు, పాతలెన్సులు కూడబెట్టుకొన్నవారు చింతించిరి. 2018లో ఈ రెండు సంస్థలును అద్దము లేని కెమెరాల కొఱకు మరల కొత్త పద్ధతులు పెట్టినవి. ఈసారి మాత్రము పాతలెన్సులు తగిలించుటకు నడుమ ఒక ఉంగరము ఇచ్చినవి. కావున చవక కెమెరా తలుపు వంటిది. తలుపు వెల చూచి మురియరాదు. లోపలి యింటి అద్దె కూడ అడుగవలెను. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయువారిని మన పెద్దలు ఊరకే ఎగతాళి చేయలేదు.

అంకుశపు లెక్క యిట్లున్నది. కెమెరాతో ఇచ్చు లెన్సు సాధారణముగా గొట్టము చాచినపుడు 5.6 అను కొలతకు మించి తెరచుకొనదు. 50 మిల్లీమీటర్ల లెన్సు, 1.8 వఱకు తెరచుకొనునది, అప్పుడు పదివేల లోపున దొరకెడిది. ఈ రెండు అంకెల నిష్పత్తిని వర్గము చేసినచో, రెండవది మొదటి దానికి ఇంచుమించు తొమ్మిదిన్నర రెట్లు వెలుగును లోనికి తెచ్చునని తేలును. చీకటిగదిలో ఒక దీపమునకు బదులు తొమ్మిదిన్నర దీపములు వెలిగించుట వంటి దిది. పైగా కెమెరా పెట్టె మరునాటి నుండి పాతబడును; మంచి లెన్సు వెల అంత త్వరగా పడిపోదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత పెట్టెకు తగినంతగా లెన్సుకు తగదు. చవక పెట్టె, మంచి లెన్సు అనునదే బీదవాని వివేకము. ఖరీదైన పెట్టెకు సామాన్యపు లెన్సు తగిలించి తిరుగుట పట్టుచొక్కా తొడిగి పాదరక్షలు లేక నడచుట వంటిది.

ఇంతవఱకు చెప్పినది ధరను గూర్చి. విలువను గూర్చి చెప్పుటకు మా పాతలెక్క యొకటి విప్పవలసియున్నది.

1984లో మా కార్యాలయమున ఒక సహోద్యోగి బదిలీ అయి వెళ్ళుచు, తన రష్యా దేశపు జెనిట్ కెమెరాను అమ్మకమునకు పెట్టెను. మరలు త్రిప్పి లెన్సు తీయునది. వెల 900 రూపాయలు. అప్పటి మా జీతము 860. ఆ కెమెరాను ఒక ఆదివారము ఇంటికి తెచ్చి, చేతులలో త్రిప్పి త్రిప్పి చూచి, సోమవారము తిరిగి యిచ్చివేసితిమి. "ఇదేమి వస్తువండీ, ఇనుపముద్ద! దీనికి తొమ్మిదివందలా?" అని కూడ అంటిమి. ఆ తొమ్మిదివందలు బ్యాంకులో వేసితిమి. మరుసటి సంవత్సరము మా చెల్లెలి పెండ్లిలో అవి చెల్లిపోయినవి.

మా నాయనగారు గుంటమగ్గము నేసినవారు. మా తాతగారి కాలముననే మావారు తెలంగాణము నుండి మగ్గము, పన్నె, నాడె తీసికొని ఈ యూరు చేరిరి. నాయనగారు 1987లో కాలము చేసిరి. ఆయనది మా యింట ఒక్కటే ఫోటో. అది స్టూడియోలో తీసినది. స్టూడియోవారి కోటు తొడిగి కూర్చుండబెట్టిరి. ఆ కోటు ఆయనకు పెద్దది. చేతులు రెండును వ్రేళ్ళకొనల వఱకు లోపలనే ఉండిపోయినవి. యాబదియేండ్లు నాడె విసిరిన చేతులవి. మా సంతానము వానిని చూడలేదు; చూపుటకు మా వద్ద ఏమియు లేదు.

ఇందుకు మేము చేసినది తప్పా? చెల్లెలి పెండ్లికి డబ్బు కూర్చుట తప్పని ఇప్పటికిని అనము. అదే పరిస్థితి మరల వచ్చినను కెమెరాను తిరిగి యిచ్చివేయుదుమేమో. మా తప్పు మరియొకటి. ఆ సోమవారము మేము "కొనలేము" అని చెప్పవలసియుండెను. "ఇనుపముద్ద" అని చెప్పితిమి. చేతకానితనమును వస్తువు నెత్తిపై పెట్టి, మన గౌరవము కాపాడుకొంటిమి. అందని ద్రాక్షపండ్లు పుల్లనివని నక్క అన్నందుకు నవ్వుదుము గాని, సంసారములో మనమందరము దినమునకు నాలుగుమారులు ఆ మాటనే అనుచున్నాము. అది నక్కకు హానిచేయదు, మనకు చేయును. ఏలయన, పండు పుల్లనిదని పదిమార్లు అన్నవాడు పండుకాలము వచ్చినను చెట్టువైపు చూడడు. 1984 తరువాత మా జీతము ఎన్నోమార్లు పెరిగినది. ఒక్కసారియైన కెమెరా అంగడికి పోలేదు. అది విలువలేనిదని మేము ముందే తీర్పు వ్రాసికొంటిమి గదా!

ధనికులు చేయు తప్పు దీనికి వ్యతిరేకము. వారిలో కొందరు లక్షల కెమెరా కొని, చవక కెమెరాను చూచి, "అది ఆటవస్తువు" అందురు. వారు తమ ఖర్చును సమర్థించుకొనుటకు చవకదానిని తక్కువ చేయుదురు. మేము మా లేమిని కప్పిపుచ్చుటకు ఖరీదైనదానిని తక్కువ చేసితిమి. రెండు చోట్లను వస్తువు నిరపరాధి.

కావున మాకు తోచిన దేమనగా, మనము ఒక్క మాటలో కలిపివేయుచున్న మూడు సంగతులను విడదీయవలెను. మొదటిది ధర, అది చీటీపై వ్రాసియుండును, అందరికిని ఒకటే. రెండవది త్యాగము, ఆ ధర చెల్లించుటకు ఈ యింటిలో ఏది మానుకొనవలెనను సంగతి. అది ఇంటింటికి మారును. 45,500 రూపాయలు ఒకరికి ఒక విందు ఖర్చు, మరియొకరికి సంవత్సరపు బియ్యము. మూడవది విలువ, ఆ వస్తువుతో ఏమి జరుగగలదో అది. ఆడమ్ స్మిత్ అను ఆర్థికవేత్త 1776లో ప్రకటించిన గ్రంథమున నీటిని, వజ్రమును చూపి, ఉపయోగము వేరు, మారకపు ధర వేరని చెప్పెను. ఆయన చెప్పిన రెండింటికి మా గుమాస్తా అనుభవము చేత త్యాగమును గూడ చేర్చితిమి. ధరను అంగడి నిర్ణయించును. త్యాగమును ఇల్లు నిర్ణయించును. విలువను వాడినవాడు, అదియు వాడిన తరువాతనే, నిర్ణయించును. మొదటి రెండింటిని చూచి మూడవదానిపై తీర్పు చెప్పుట పడుగు చూచి చీర రంగు చెప్పుట వంటిది.

మనుమరాలికి మా జవాబు ఒక వారము ఆలస్యముగా చెప్పితిమి. "అది విలువ చేయునో చేయదో మాకు తెలియదు. మనకు కష్టమే. కప్పు మరమ్మతు ఈ యేడు మానుకొందము." ఆ వానకాలమున మా యింటి ఈశాన్యమూల ఒక ఇత్తడిగిన్నె పెట్టుకొంటిమి. గిన్నెలో చుక్క పడినప్పుడెల్ల ఆ పిల్ల మా ముఖము వంక చూచెడిది. మేము లెక్క చూచుకొనెడివారము.

ఆ లెక్క చదువరులకు కూడ చెప్పెదము. కెమెరా 45,500, జ్ఞాపకపు కార్డు 900, సంచి 1,200, రెండవ బ్యాటరీ 3,800, ఆరునెలల తరువాత ఆమె చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కొన్న 50 మిల్లీమీటర్ల లెన్సు 9,200. మొత్తము 60,600 రూపాయలు. రెండేండ్లలో తీసినవి దాదాపు 20,000 బొమ్మలు. బొమ్మకు మూడు రూపాయలు పడినది. ఫోనుతో పోల్చిన సంగతియు నిజమే చెప్పవలెను. పగటివెలుతురులో, చిన్నతెరపై చూచునపుడు, ఫోను బొమ్మకు దీనికి భేదము మా కంటికి తెలియలేదు. ఆ ఇరువదివేలలో అధికభాగము ఫోనుతోనే తీయదగినవి. అందుచేత, ఫోను చాలునన్న మా మొదటి మాట పూర్తిగా అసత్యము గాదు.

కాని మా వాడలో చేతిమగ్గము నేయు పెద్దాయన ఒకరు మిగిలియున్నారు. చుట్టును మరమగ్గముల చప్పుడే. ఆయన గది చిన్నది, కిటికీ యొకటే, మగ్గపుగుంట లోతైనది. అచ్చట ఫోనుతో తీసిన బొమ్మలో నాడె ఒక తెల్లని చారగాను, చేతులు మైనపుముద్దలుగాను వచ్చినవి. అందుకు కారణము తెలిసినదే. ఈ కెమెరాలోని ఫలకము ఇంచుమించు 22 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు గలది. సాధారణపు ఫోనులోని ఫలకము వైశాల్యమున దానిలో నాలుగవవంతుకు మించదు. వెలుగు తక్కువైన చోట పెద్దకుండ వాననీరు ఎక్కువ పట్టినట్లు, పెద్దఫలకము వెలుగు ఎక్కువ పట్టును. కెమెరాతో ఇచ్చిన లెన్సుతో కూడ మొదట బొమ్మ మసకగానే వచ్చినది. కొత్తలెన్సు తగిలించిన పిదపనే వ్రేళ్ళు వ్రేళ్ళుగా, గోరుక్రింది పాతగాయముతో సహా కనబడినది.

ఆ బొమ్మను పెద్దగా అచ్చువేయించి మనుమరాలు ఆయనకు తీసికొనిపోయినది. మేమును వెంట వెళ్ళితిమి. ఆయన సంతోషించునని, కన్నీరు పెట్టుకొనునని మేము తలచితిమి. ఆయన బొమ్మను కిటికీ దగ్గరకు పట్టి, కన్ను దగ్గరగా పెట్టి చాలసేపు చూచి, "ఈడ పోగు తెగింది. గప్పుడు చూస్కోలే" అన్నారు. తన ముఖము సంగతి గాని చేతుల సంగతి గాని ఎత్తలేదు. పనివాడు తన పనినే చూచెను. ఇంటికి తిరిగి వచ్చునపుడు మనుమరాలు, "తాతా, తెగిన పోగు కూడ వచ్చింది జూడు" అని గర్వముగా అన్నది. మాకు మాత్రము స్టూడియో కోటు చేతులు కన్నులయెదుట నిలిచినవి.

ఆ ఒక్క బొమ్మకు కూడ మా లెక్కలో మూడు రూపాయలే పడినది. అది తప్పుడు లెక్క యని మాకు తెలియును. సరియైన లెక్క వ్రాయుటకు మాత్రము మాకు చేతగాదు.

ఇట్టి కెమెరా కొనదలచిన తల్లిదండ్రులకు, తాతలకు మేము చెప్పగలిగినది స్వల్పము. కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిలో ఏది తగ్గించిరి, ఆ తగ్గించినది మన పనికి అడ్డమా? దీనికి తగు రెండవ లెన్సు ఎంత, అది మనము ఎన్నటికైన కొనగలమా? దీని కొఱకు ఇంటిలో ఏది మానుకొందుము, ఆ మానుకొనుట ఎవరి మీద పడును? మూడవ ప్రశ్నకు జవాబు కష్టముగా నున్నచో, కొనలేమని పిల్లలతో తలయెత్తి చెప్పుడు. లేమి సిగ్గుపడదగినది గాదు. పిల్లలు లేమిని అర్థము చేసికొందురు. వస్తువును నిందించిన మాటను మాత్రము నిజమని నమ్మి, తమ కోరికయే హీనమైన దనుకొందురు. ఆ నష్టము 45,500 రూపాయల కంటె పెద్దది.

మన సంఘము వారికి కూడ ఒక మనవి. ఏ ఇంటికి ఆ ఇల్లు కెమెరా కొనుట సాధ్యము గాదు. సంఘము పక్షమున చవకయైన పెట్టె యొకటి, మంచి లెన్సు ఒకటి కొనియుంచి, నేర్చుకొన గోరిన పిల్లలకు వారము వారము ఎరువు ఇచ్చినచో, అరువదివేల త్యాగము నూరిండ్లకు పంచినప్పుడు ఇంటికి ఆరువందలు పడును. ప్రతిఫలముగా వారు ఒక్కొక్కరు తమ యింటి పెద్దవారిని వారి పనిలో, వారి బట్టలతో, చేతులు కనబడునట్లు తీసి యిచ్చిన చాలును. మన వాడలలో మగ్గములు తగ్గుచున్నవి. నేసినవారు అంతకంటె త్వరగా తగ్గుచున్నారు.

మా కప్పు మరమ్మతు మరుసటి యేడు చేయించితిమి. గిన్నె యథాస్థానమునకు వెళ్ళినది. లెక్కలు తప్ప వేరొకటి తెలియని మేము విలువను గూర్చి ఇంత వ్రాయుట సాహసమే. ఇందలి తప్పులను పెద్దలు మన్నింతురు గాక.